పెళ్లిలోపు ఆపరేషన్ అయిపోవాలా?

ప్రశ్న: నమస్తే అక్కా. నాకు 41 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 104 కిలోలు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలతో నడుస్తోంది. మొన్న మూడు నెలల సగటు 8.6 వచ్చింది. మోకాళ్ల నొప్పులకు వారానికి రెండు మూడుసార్లు మెడికల్ షాపులో అడిగి బిళ్ల వేసుకుంటాను. నా గురక భరించలేక మా వారు హాల్లో పడుకుంటున్నారు. పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట ఎప్పటినుంచో ఉన్నాయి. డైటింగ్ చేసి రెండుసార్లు 14 కిలోలు తగ్గాను, రెండుసార్లూ వడ్డీతో సహా తిరిగొచ్చింది. ఈమధ్య మా ఊళ్లో ఒక హాస్పిటల్ వాళ్లు క్యాంపు పెట్టారు. లావు తగ్గడానికి పొట్ట కోసి చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేస్తాం, మూడున్నర లక్షలు, నెలాఖరులోపు డబ్బు కడితే యాభై వేలు తగ్గిస్తాం అన్నారు. మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. మూడు నెలలే ఉంది, ఆలోపు అయిపోతే బాగుండనిపిస్తోంది. మా వారేమో "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావా" అంటున్నారు. మా అత్తయ్య "ఇంజెక్షన్లు వచ్చాయటగా" అంటున్నారు. ఇంకో మాట. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి మిగిలిన అన్నం తింటూ ఉంటాను. ఇది ఎవరికీ చెప్పలేదు. మీరూ చేయించుకున్నారని ఒకసారి రాశారు కదా, అందుకే అడుగుతున్నాను. ఏం చేయమంటారు?
— ఎస్.ఆర్., ఖమ్మం

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో, ఎవరికీ చెప్పలేదంటూ రాశారు. దాని దగ్గరికి వస్తాను. ముందు పెళ్లి సంగతి తేల్చేద్దాం. మాఘంలోపు వద్దు. ఆపరేషనే వద్దనడం లేదు, మీకు పనికొస్తుందనే అనుకుంటున్నాను. ఆ ముహూర్తం మాత్రం వద్దు.

నేను డాక్టర్ని కాదు. ఎనిమిదేళ్ల కిందట 112 కిలోలున్నప్పుడు స్లీవ్ చేయించుకుని, 76 దాకా దిగి, ఇప్పుడు 81 దగ్గర ఆగినదాన్ని. మందుల విషయంలో నేను చెప్పేవి మీ డాక్టర్‌తో మాట్లాడుకోవడానికి పనికొస్తాయి, అంతవరకే.

పెళ్లికి మూడు నెలలుందన్నారు. రేపే ఆపరేషన్ చేయించుకున్నా మూడో నెల అంటే ఏమిటో తెలుసా? జుట్టు రాలడం మొదలయ్యే నెల. బరువు ఒక్కసారిగా దిగితే మూడో నెల నుంచి ఆరో నెల దాకా చాలామందికి జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంది, తర్వాత మళ్లీ వస్తుంది. నాకు దువ్వెన చూస్తే ఏడుపొచ్చేది. మొహం పీక్కుపోయి ఉంటుంది, కుట్టించుకున్న జాకెట్టు పదిహేను రోజులకే వదులైపోతుంది. పెళ్లిలో కనిపించిన ప్రతి ఒక్కరూ "ఒంట్లో బాలేదా?" అని అడుగుతారు. విస్తరి ముందు కూర్చుంటే నాలుగు ముద్దలకు ఆపేయాలి, పక్కనున్న పిన్నిగారు ఊరుకోరు. పెళ్లి కోసం సన్నబడాలనుకుంటే మూడో నెల అంత చెడ్డ నెల ఇంకోటి లేదు.

పైగా మీకు ఆపరేషన్‌కు ముందు చేయాల్సిన పని చాలా ఉంది. క్యాంపులో దాని గురించి ఎవరూ చెప్పినట్టు లేరు.

మీ బీఎంఐ దాదాపు 42. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు 2022లో పాత నిబంధనలు మార్చి, బీఎంఐ 35 దాటితే వేరే జబ్బులున్నా లేకున్నా ఆపరేషన్ చెప్పొచ్చన్నాయి. మనకు తక్కువ లావుకే షుగర్ వస్తుంది కాబట్టి ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఏ లెక్కన చూసినా మీరు అర్హులే. షుగర్ వచ్చి ఆరేళ్లే అయింది, ఇన్సులిన్ దాకా పోలేదు. ఇలాంటివాళ్లలో ఆపరేషన్ తర్వాత మాత్రలు తగ్గిపోవడం, కొందరికి పూర్తిగా ఆగిపోవడం జరుగుతుంది. పదిహేనేళ్లు ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు ఆ అవకాశం తక్కువ. ఆగిపోయిన షుగర్ కొన్నేళ్లకు తిరిగి వచ్చేవాళ్లూ ఉన్నారు.

మీ వారన్న మాటకు వద్దాం. నోరు కట్టుకోవడం మీకు రాకపోతే 14 కిలోలు ఎలా తగ్గారు? అదీ రెండుసార్లు? తగ్గడం మీకు బాగానే వచ్చు. తగ్గిన బరువును నిలవనివ్వనిది ఒళ్లు. బరువు దిగగానే కరువొచ్చిందనుకుని ఆకలి పెంచుతుంది, శక్తి ఖర్చు తగ్గిస్తుంది. గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది పొట్ట పైభాగంలో. స్లీవ్‌లో పొట్టలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు కాబట్టి ఆ భాగమూ పోతుంది, మిగిలింది అరటిపండు ఆకారంలో గొట్టంలా ఉంటుంది. కడుపు చిన్నదవడం ఎంత ముఖ్యమో, ఆకలి అరుపు తగ్గడం అంత ముఖ్యం. ఆపరేషనయిన మొదటి నెలల్లో మధ్యాహ్నం రెండయినా అన్నం గుర్తుకు రాని రోజులు నాకు వింతగా ఉండేవి. ఇదంతా మీరు ఇంట్లో చెబితే వాదన అవుతుంది. సర్జన్ నోటితో మీ వారు వినాలి. మొదటి అపాయింట్‌మెంట్‌కే ఆయన్ను వెంట తీసుకెళ్లండి.

అత్తయ్యగారి ప్రశ్న మంచి ప్రశ్న, కొట్టిపారేయకండి. బరువు తగ్గించే మందులు మౌంజారో, వెగోవీ రెండూ మన దేశంలోకి 2025లోనే వచ్చాయి. వారానికొక ఇంజెక్షన్. పూర్తి మోతాదులో వాడితే సగటున ఒంటి బరువులో 15 నుంచి 20 శాతం దాకా తగ్గుతోంది, షుగర్ కూడా దిగుతుంది. నేను లావుగా ఉన్న రోజుల్లో ఇవి ఉంటే ముందు వీటినే వాడి చూసేదాన్నేమో. ఒక చిక్కుంది. మానేస్తే చాలామందికి తగ్గినదాంట్లో ఎక్కువ భాగం తిరిగొస్తుంది, అంటే నెలనెలా ఖర్చు ఏళ్ల తరబడి లెక్కేసుకోవాలి. మీ బరువుకు, మీ షుగర్‌కు ఆపరేషన్ ఇచ్చే ఫలితం ఎక్కువ, అది నిలిచేదీ ఎక్కువ కాలం. మీ షుగర్ డాక్టర్ పెళ్లిదాకా ఇంజెక్షన్ వాడదామంటే అదీ మంచిదే. వాడుతున్న సంగతి మాత్రం మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాలి, ఆ మందుతో తిన్నది పొట్టలో ఎక్కువసేపు ఉండిపోతుంది.

ఇప్పుడు నన్ను అసలు కలవరపెట్టిన విషయం. పుల్లటి తేన్పులు, మంట ఎప్పటినుంచో ఉన్నాయని రాశారు. స్లీవ్ చేస్తామని క్యాంపులోనే చెప్పేశారని కూడా రాశారు. ఎండోస్కోపీ చేయకుండా ఏ ఆపరేషనో ఎలా చెప్పారు? స్లీవ్ తర్వాత పొట్ట సన్నటి గొట్టమై లోపల ఒత్తిడి పెరుగుతుంది. అందుకే మంట ఉన్నవాళ్లలో చాలామందికి అది పెరుగుతుంది, లేనివాళ్లకు కొత్తగా రావచ్చు. నా కథ అదే. నన్ను మంట గురించి ఎవరూ అడగలేదు, నేనూ జెలుసిల్ తాగడం ఒక జబ్బని అనుకోలేదు కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు రోజూ పరగడుపున ఒక గ్యాస్ మాత్ర, మంచం తల వైపు రెండు కోళ్ల కింద ఇటుకలు. రాత్రి ఏడున్నర దాటితే ఏమీ ముట్టను. ముట్టిన రోజు రాత్రి రెండింటికి గొంతులోకి పులుపెక్కి దగ్గుతో లేస్తాను.

మంట, షుగర్ రెండూ ఉన్నవాళ్లకు ఎక్కువమంది సర్జన్లు ఆలోచించేది బైపాస్. పొట్ట పైభాగంలో కోడిగుడ్డంత సంచి మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగులో కాస్త కిందనున్న భాగానికి కలుపుతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది, తిండి మాత్రం అటు పోదు. మంట తగ్గుతుంది, షుగర్ మీద పట్టు కాస్త ఎక్కువ. బదులుగా విటమిన్ల లోటు ఎక్కువ, తీపి గబగబా తింటే గుండెదడ, చెమటలు, నీళ్ల విరేచనాలు. ఇంకోటి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతి నొప్పి బిళ్లలు బైపాస్ తర్వాత అతుకు దగ్గర పుండ్లు చేస్తాయి, ఒక్కోసారి రంధ్రమే పడుతుంది. మోకాళ్లకు మీరు షాపులో అడిగి వేసుకునేది చాలావరకు ఆ జాతిదే అయ్యుంటుంది. పేరు రాసుకెళ్లి చూపించండి. బరువు తగ్గితే మోకాళ్లు వాటంతటవే చాలా తేలికపడతాయి, ఆలోపు పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

నెలాఖరు డిస్కౌంట్ మర్చిపోండి. ఫ్రిజ్‌లు, చీరలు అలా కొనొచ్చు. ఆ యాభై వేల మాట వినగానే నేనైతే అక్కడినుంచి లేచి వచ్చేసేదాన్ని. సర్జన్ని అడగాల్సినవి వేరే. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? లీకేజీ, అంటే పొట్ట కోసి పిన్నులతో మూసిన చోట కారడం, వస్తే ఇక్కడే చూస్తారా, ఇంకెక్కడికైనా పంపుతారా? ఐసీయూ, రాత్రిపూట ఎండోస్కోపీ ఉన్నాయా? ఆపరేషన్ తర్వాత నాకు ఫోన్‌లో దొరికేది ఎవరు? డైటీషియన్ ఒక కాగితమిచ్చి పంపేస్తారా, రెండేళ్లు చూస్తారా? మొహమాటపడకండి, మంచి సర్జన్‌కు ఈ ప్రశ్నలు కొత్త కావు. అనుభవమున్న చోట ప్రాణాపాయం సుమారు వెయ్యిమందిలో ఒకరికి, పిన్నులేసిన చోట లీకయ్యేది నూటికి ఒకరికి అటూఇటుగా. చిన్న అంకెలే. ఆ ఒక్కరూ మనమైతే ఎక్కడున్నామన్నదే లెక్క. ఖమ్మం నుంచి విజయవాడ దగ్గర, హైదరాబాద్ దూరం. మొదటి ఏడాదిలో కనీసం ఐదారుసార్లు చెకప్‌కు తిరగాలి, ఏ ఊరైతే విసుగు లేకుండా వెళ్లొస్తారో అది చూసుకోండి.

డబ్బు మాట. హెల్త్ పాలసీ ఉంటే ముందు అది తీసి చదవండి. బీమా కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన నిబంధనల ప్రకారం డాక్టర్ సిఫారసుతో, 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉన్నవాళ్లకు ఈ ఆపరేషన్‌ను "లావు చికిత్స" అని తోసిపుచ్చకూడదు. 35కు పైన ఉన్నవాళ్లకైతే గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో శ్వాస ఆగిఆగి రావడం), అదుపులో లేని షుగర్ లాంటిదొకటి ఉండి, మామూలు పద్ధతులు ఫలించక ఉండాలి. మీరు 42లో ఉన్నారు. డైటింగ్‌తో 99 కిలోలకు దిగితే 40 కిందికి పోతారు, కాబట్టి మొదటి ఓపీ రోజే ఎత్తు, బరువు, తేదీ హాస్పిటల్ కాగితం మీద రాయించి జాగ్రత్త చేసుకోండి. పాత డైటీషియన్ బిల్లులున్నా పారేయకండి. పాలసీ కొత్తదైతే వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్‌కు ముందు ఆగాల్సిన కాలం, చూసుకోవాలి. కంపెనీ నుంచి రాతపూర్వకంగా ఆమోదం వచ్చాకే చేరండి, "తర్వాత క్లెయిమ్ చేసుకోవచ్చు మేడమ్" అనే మాటతో కాదు. మూడున్నర లక్షలతో అయిపోదు కూడా. విటమిన్లు, ప్రోటీన్ పొడి, ఏడాదికోసారి రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి.

పెళ్లిలోపు మీరు చేయాల్సిన పని ఇది. మొదట స్లీప్ స్టడీ. ఒక రాత్రి వైర్లు పెట్టుకుని పడుకోవడమే. మీ వారిని హాల్లోకి పంపిన గురకలో శ్వాస మధ్యమధ్య ఆగిపోతోందేమో తేలాలి. ఆగుతుంటే ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో పంపే సీప్యాప్ మిషన్ ఇస్తారు, ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందునుంచే రోజూ పెట్టుకుని పడుకోవాలి. ఎండోస్కోపీ, అల్ట్రాసౌండ్, గుండెకు ఎకో, థైరాయిడ్, బి12, డి, ఐరన్ పరీక్షలు ఎలాగూ రాస్తారు. మీ షుగర్ సగటు 8.6ను 8 లోపుకైనా దించమంటారు, మూడు నెలలు దానికే సరిపోతాయి.

ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ద్రవాలు, ప్రోటీన్‌తో రోజుకు 800 నుంచి 1000 కేలరీల పథ్యం పెడతారు. సన్నబడటానికి కాదు అది. లివర్ ఎడమవైపు భాగం సరిగ్గా పొట్ట మీద పడుకుని ఉంటుంది. మనలాంటివాళ్లకు అది కొవ్వు పట్టి బరువెక్కి ఉంటుంది, సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుని కింద పనిచేయాలి. రెండు వారాల పథ్యంతో అది కుంచించుకుపోతుంది. ఆ రోజుల్లో షుగర్ మాత్రలు పాత మోతాదులో వేసుకుంటే షుగర్ పడిపోతుంది, గ్లిమిపిరైడ్ లాంటివైతే మరీ. డాక్టర్ తగ్గిస్తారు, అడిగి తగ్గించుకోండి. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్ర వాడుతుంటే దాన్ని ఆపరేషన్‌కు మూడు నాలుగు రోజుల ముందే ఆపాలి, ద్రవాల పథ్యం మొదలైనప్పుడే ఆపాలేమో కూడా అడగండి.

ఇక మీరు చివర్లో రాసిన మాట.

అందరికీ వడ్డించి, చివర్లో తినేదాన్ని నేను కూడా. గిన్నెలో రెండు గరిటెల అన్నం, అడుగున పప్పు, పిల్లాడు వదిలేసిన వేపుడు. పారేయడానికి మనసొప్పదు. ఫ్రిజ్‌లో పెడితే రేపు ఎవరూ తినరు. అందుకని నిలబడి, గిన్నెలోనే కలిపి, లైటు కూడా వేయకుండా. అది ఆకలి కాదు. పొద్దుటినుంచి ఎవరూ పిలవని చోట మనకంటూ దొరికిన పది నిమిషాలు. మీ సంగతి ఇదేనో కాదో నాకు తెలియదు కానీ, ఉత్తరం చదువుతుంటే నా పాత వంటిల్లు కళ్ల ముందుకొచ్చింది.

సర్జన్ పొట్టను కోస్తాడు, ఈ పది నిమిషాలను కోయలేడు. ఆపరేషనయ్యాక పెద్ద ముద్దలు దిగవు కాబట్టి రాత్రి చేయి మెత్తటివాటి మీదికి పోతుంది. టీలో ముంచిన బిస్కెట్లు, ఐస్‌క్రీం, నమిలితే కరిగిపోయే బూందీ. ఇవి ఎంత చిన్న పొట్టలోనైనా జారిపోతాయి. రెండేళ్ల తర్వాత నాకు ఐదు కిలోలు తిరిగొచ్చింది ఇలాగే. ఆపరేషన్‌కు ముందు సైకాలజిస్ట్‌తో మాట్లాడిస్తారు. చాలామంది అక్కడ "నాకేం లేదండీ" అని చెప్పి సంతకం పెట్టించుకొచ్చేస్తారు. మీరు అలా చేయకండి. నాకు రాసిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు అక్కడ చెప్పండి. దాని వల్ల ఆపరేషన్ ఆగిపోతుందని భయం వద్దు, మహా అయితే కొన్ని వారాలు వెనక్కి పోతుంది.

ఇంకోటి ఈ రోజునుంచే మొదలుపెట్టొచ్చు. రాత్రి ఎనిమిదికి మీ కంచం మీరు పెట్టుకుని, అందరితో కూర్చుని తినండి. ఎవరికి కావాల్సింది వాళ్లు వడ్డించుకుంటారు. మిగిలింది డబ్బాలో సర్దే పని మీ వారిది. వినడానికి ఇది చిన్న విషయం. నిజానికి ఇంట్లో దీనికి ఎంత గొడవవుతుందో చూస్తే ఆపరేషన్ తర్వాత రెండేళ్లు మీకు ఎంత సాయం దొరుకుతుందో తెలిసిపోతుంది. అప్పుడు మీరు రోజుకు ఐదారుసార్లు, టైముకి, అందరికంటే ముందు తినాలి. ఇంట్లో ఎవరూ దానికి సర్దుకోకపోతే ఆరు నెలలకే మళ్లీ చివరి పంక్తిలో ఉంటారు.

ఆపరేషన్ రోజుల గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు, గంటన్నర రెండు గంటలు. సాయంత్రానికే లేపి నడిపిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోకుండా నడక, సూదులు రెండూ ముఖ్యం, కాబట్టి నర్సు లేపినప్పుడు విసుక్కోకండి. పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల భుజాలు లాగుతాయి, అది రెండు మూడు రోజులు. ఇంటికి మూడో రోజు దాటకుండానే పంపేస్తారు.

ఇంటికొచ్చాక ఒక విషయం గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి. కూర్చుని ఉన్నా నాడి వందకు పైన పరిగెత్తడం, జ్వరం, పెరిగే కడుపునొప్పి, ఎడమ భుజంలో కొత్త నొప్పి, ఆయాసం, ఒక కాలి పిక్క వాపు. వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా సర్జన్‌కు ఫోన్ చేసి బయల్దేరాలి. లీకేజీ ఇంటికి చేరిన వారానికి కూడా బయటపడొచ్చు. వీధి చివర ఆర్ఎంపీ దగ్గర గ్యాస్ ఇంజెక్షన్ వేయించుకుని పొద్దున చూద్దామనుకోవడం వద్దు. వాంతులు రెండు రోజులు ఆగకపోతే కూడా అంతే. ఆ స్థితిలో ఒంట్లో బి1 విటమిన్ అడుగంటుతుంది. ముందు బి1 ఇవ్వకుండా గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలొచ్చు. ఈ ముక్క మీ వారికి బాగా గుర్తుండాలి, ఆ రాత్రి మాట్లాడే ఓపిక మీకు ఉండదు.

తిండి సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు "డైట్" అని చెప్పకండి, "పథ్యం" అనండి. బాలింత పథ్యం చేసిన చేతులకు ఇది వెంటనే అర్థమవుతుంది. మా అత్తగారు ఆపరేషన్ పేరెత్తితే మొహం తిప్పుకునేవారు, పథ్యమనగానే కొంగు బిగించారు. మొదటి రెండు వారాలు పల్చటివే. వడకట్టిన పెసరకట్టు, కారం లేని చారు, పల్చటి మజ్జిగ, ప్రోటీన్ పొడి కలిపిన పాలు. ఉగ్గుగిన్నెతో, గుటక గుటక. నా మొదటి పెసరకట్టు మూడు చెంచాలకు నలభై నిమిషాలు పట్టింది. తర్వాత రెండు వారాలు గుజ్జుగా మెదిపినవి, ఆ తర్వాత మెత్తటి ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, మెత్తగా ఉడికిన చేప. మామూలు తిండికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. తేదీలు మీ హాస్పిటల్ కాగితం ప్రకారమే.

కంచంలో ముందు తినాల్సింది ప్రోటీన్, రోజుకు 60 నుంచి 80 గ్రాములు. గుడ్డుకు ఆరు, గ్లాసు పాలకు ఆరేడు, యాభై గ్రాముల పనీర్‌కు తొమ్మిది దాకా వస్తుంది. పప్పుతో సరిపోతుందనుకుంటాం, చిన్న పొట్టకు పప్పు ఒక్కటే ఎప్పటికీ చాలదు. శనివారాలు, కార్తీకమాసం నీచు తినని ఇల్లయితే మీల్ మేకర్, పనీర్, పొడి ముందే లెక్కేసుకోండి. మొదటి ఏడాది ఉపవాసాలు వద్దు, నీళ్లు కూడా ముట్టనివైతే అసలే వద్దు. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగి తాగాలి, రోజంతా కలిపి లీటరున్నర తక్కువ కాకుండా. మనకు అన్నిటికంటే కష్టమైన తిండి ఏమిటంటారా? అన్నమే. నాలుగో నెలలో ఒక గృహప్రవేశంలో మాటల్లో పడి పులిహోర పెద్ద ముద్ద మింగేశాను. ఛాతీ మధ్యలో ఇరుక్కుంది. నోట్లో లాలాజలం నురగలా పొంగుకొస్తుంటే చేతులు కడిగే చోట వంగి నిలబడ్డాను. పావుగంట. ఎవరో కొబ్బరినీళ్లు తెచ్చారు, అవీ దిగలేదు. అప్పటినుంచి పెద్ద చెంచా ముట్టను.

విటమిన్లు జీవితాంతం అంటే జీవితాంతమే. నాలుగో ఏట బాగానే ఉన్నాను కదా అని పది నెలలు మానేశాను. ముందు అరికాళ్లు తిమ్మిరెక్కాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. బి12 చూస్తే అట్టడుగున ఉంది, ఇంజెక్షన్లతో బయటపడ్డాను. కాల్షియం, ఐరన్ కలిపి వేసుకోకూడదు, రెండు గంటల తేడా ఉండాలి. టీతో ఐరన్ వేసుకుంటే సగం వృథా. త్వరగా సన్నబడేవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు వస్తాయి కాబట్టి మొదటి ఆరు నెలలు దానికీ ఒక మాత్ర ఇస్తారు, మానకండి.

ఎంత తగ్గుతారు? ఏడాదిన్నరలో ఒంటి బరువులో నాలుగో వంతు నుంచి సుమారు ముప్పై శాతం. మీ లెక్కన 73 నుంచి 78 కిలోల మధ్య. మీ మనసులో యాభై ఐదు ఉంటే ఇప్పుడే తీసేయండి. పెళ్లినాటి ఫొటోలోని అమ్మాయి తిరిగి రాదు. పొట్ట, చేతుల దగ్గర వేలాడే చర్మం మిగులుతుంది, నాకూ ఉంది. మోకాళ్లు పట్టుకోకుండా మెట్లెక్కుతారు, గురక తగ్గి మీ వారు హాల్లోంచి లోపలికొస్తారు. ఆ సంగతి ఆయనతో చెప్పి చూడండి, కడుపు కోయించుకోవడం మీద ఆయన అభిప్రాయం కొంచెం మారొచ్చు.

స్లీప్ స్టడీ, ఎండోస్కోపీ రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి, స్లీవా బైపాసా అన్నదానికి సర్జన్ ఏమన్నారో కూడా రాయండి. పెళ్లిలో మాత్రం మొదటి బంతిలోనే కూర్చోండి. వడ్డించడానికి ఆ రోజు క్యాటరింగ్ వాళ్లుంటారు.